సాయినగర్ మేడ మీద ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’: పరీక్షకు చదివేవాళ్ల కోసం

దూరవిద్యలో ఎం.ఏ. ఇంగ్లీష్ చేస్తూ, అమెరికన్ సాహిత్యం పేపర్‌లో హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ చూసి టెన్షన్ పడుతున్న అనంతపురం చుట్టుపక్కలవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సాయినగర్‌లో ఒక రిటైర్డ్ ఇంగ్లీష్ లెక్చరర్ మేడమ్ ఆదివారాలు తన ఇంటి మేడ మీద ఈ ఒక్క నవలే చెబుతారు. మొదటి నుంచి చివరిదాకా కూర్చున్నాను కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను. పుస్తకం చదివే ఓపిక ఉంటే కళ్లు మూసుకుని చేరండి. నోట్స్ చేతికొస్తే చాలనుకుంటే మాత్రం చేరకండి, ఆవిడ నోట్స్ ఇవ్వరు.

నేను కోర్టు రోడ్డులో ఒక వకీలు దగ్గర గుమస్తాను. పగలంతా కేసు కట్టలు, వాయిదాలు, సర్టిఫైడ్ కాపీల అర్జీలు. జూనియర్ లెక్చరర్ పోస్టుకు పీజీ కావాలి కాబట్టి ఎం.ఏ. కట్టాను. మా బ్యాచ్‌లో ఒక ప్రైవేటు స్కూల్ టీచరక్క, గుంతకల్లు నుంచి పొద్దున బండికి వచ్చే ఒక అన్న, డిగ్రీ అయిపోగానే పీజీలో చేరిన ఇద్దరమ్మాయిలు, ఇంకా కొందరు ఉండేవాళ్లు. పదిమంది దాటితే ఆవిడ తీసుకోరు. పదింటికి మొదలై ఒంటిగంటకు ముగుస్తుంది, నెలకు 800 రూపాయలు. ఆలస్యంగా వస్తే ఏమీ అనరు గానీ అయిపోయిన భాగం మళ్లీ చెప్పరు.

ఇదే నవలకు బజారులో దొరికే గైడు నా దగ్గర ముందు నుంచే ఉంది. అందులో కథాసారం, పాత్రలు, ‘జాతి వివక్ష’, ‘అమాయకత్వం’ అని శీర్షికలు పెట్టి ఒక్కో పేజీ ఉన్నాయి. అది చదివితే నవల చదివినట్టే అనిపిస్తుంది. ప్రశ్న కాస్త పక్కకు తిప్పి అడిగితే మాత్రం చేతిలో ఏమీ ఉండదు. మేడమ్ పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. మొదటి రోజే ఒక నియమం పెట్టారు. నవల గురించి ఏ మాట అన్నా, ఆ సంగతి ఎవరు ఎవరితో ఏ అధ్యాయంలో అన్నారో చెప్పాలి. చెప్పలేకపోతే ఆ మాట లెక్కలోకి రాదు. నవలలోని వకీలు ఆటికస్ గురించి ‘ఆటికస్ గొప్ప లాయర్’ అని నేను రాసిన కాగితం మీద ఆవిడ ఆకుపచ్చ ఇంకుతో ‘ఎట్ల తెలుసు?’ అని రాసి తిరిగిచ్చారు. అంతే, ఇంకో అక్షరం లేదు. ఆ రెండు మాటలకు జవాబు వెతకడానికి రెండు అధ్యాయాలు మళ్లీ చదవాల్సి వచ్చింది.

నేపథ్యం ఒక్క క్లాసులో ముగించారు, అంతకంటే అక్కర్లేదు కూడా. నవల 1960లో వచ్చింది, 1961లో పులిట్జర్ బహుమతి అందుకుంది. కథ మాత్రం 1930లలో, పెద్ద ఆర్థిక మాంద్యం నాటి అలబామాలో, మేకంబ్ అనే కల్పిత ఊర్లో జరుగుతుంది. రచయిత్రి పుట్టిన మన్రోవిల్ ఊరే దానికి మూలం. ఆమె తండ్రి కూడా వకీలే. 1931లో అదే అలబామాలో తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ల మీద ఇద్దరు తెల్లజాతి యువతులపై అత్యాచారం చేశారని కేసు పెట్టారు, దాన్నే స్కాట్స్‌బరో కేసు అంటారు. మాంట్‌గొమరీలో నల్లవాళ్లు బస్సులు ఎక్కడం మానేసిన ఉద్యమం మొదలైంది 1955 చివర్లో. కథ నడిచే కాలానికీ పుస్తకం అచ్చయిన కాలానికీ మధ్య పాతికేళ్ల దూరం ఉంది. కథ చూసింది ఆటికస్ కూతురు స్కౌట్ అనే చిన్నపిల్ల, చెప్పేది ఆ పిల్లే పెద్దదయ్యాక. బోర్డు మీద నిలువుగా ఒక గీత గీసి, ఎడమ పక్క ‘స్కౌట్ చూసింది’, కుడి పక్క ‘స్కౌట్‌కు తర్వాత అర్థమైంది’ అని రాసి, ప్రతి అధ్యాయానికీ ఆ రెండు గడులూ మా నోట్సులో మేమే నింపాలన్నారు.

ఎదుగుదల మీద వచ్చే ప్రశ్నకు ఇంతకు మించిన సాధనం నాకు ఇంకెక్కడా దొరకలేదు. 15వ అధ్యాయం చూడండి. రాత్రిపూట జైలు ముందు ఆటికస్ ఒక్కడే దీపం పెట్టుకుని కూర్చుని ఉంటాడు. లోపల టామ్ రాబిన్‌సన్. మయెల్లా అనే తెల్లపిల్లను కొట్టి అత్యాచారం చేశాడని కేసు పెట్టిన నల్లజాతి మనిషి అతను, ఆటికస్ వాదిస్తున్నది అతని తరఫునే. గుంపు కార్లలో దిగుతుంది. స్కౌట్ పరుగెత్తుకొచ్చి ఆ గుంపులో తెలిసిన ముఖం కోసం వెతికి, వాల్టర్ కనింగ్‌హామ్‌ను పలకరించి, వాళ్ల అబ్బాయి తన క్లాసేనని, ఇంటికి భోజనానికి కూడా తీసుకెళ్లానని, ఆయన ఆస్తి చిక్కు ఎంతవరకు వచ్చిందని అడుగుతుంది. ఆయన వంగి, ఆ పిల్ల భుజాలు పట్టుకుని, మీ మాట మావాడికి చెబుతానని, గుంపును వెనక్కి తీసుకెళ్లిపోతాడు. ఎడమ గడిలో ఉండేది ఇదే, మర్యాదగా మాట్లాడిన ఒక పిల్ల. వాళ్లు మనిషిని చంపడానికి వచ్చారన్నది కుడి గడిలోకి పోతుంది. 23వ అధ్యాయంలో, టామ్‌ను వదిలేయాలని జ్యూరీలో (కేసు విని తీర్పు చెప్పే పన్నెండుమంది ఊరివాళ్లలో) పట్టుబట్టిన ఒకడు కనింగ్‌హామ్‌ల చుట్టమేనని ఆటికస్ చెబుతాడు. గైడులో ఈ రెండు సంఘటనలూ వేర్వేరు పేజీల్లో ఉన్నాయి, ఒకదానికొకటి సంబంధం లేనట్టు.

ఆ కనింగ్‌హామ్ దగ్గర ఫీజుకు డబ్బుల్లేక ఆటికస్‌కు వంటచెరకు, హికరీ కాయలు, ఆకుకూరలు తెచ్చిస్తాడు. ఆ భాగం చదువుతుంటే నాకు కొత్తగా అనిపించలేదు. శనక్కాయల సుగ్గి అయ్యాక మా ఆఫీసు మెట్ల మీదికి పల్లె కక్షిదారులు గోనెసంచితో వచ్చే మాట క్లాసులో చెబితే, మేడమ్ దాన్ని జవాబులో రాయొద్దు గానీ గుర్తుపెట్టుకో, ఆ బాకీలో ఎంత పరువు ఉందో నీకు పుస్తకం చెప్పక్కర్లేదు అన్నారు.

అసలు ఈ క్లాసుకు వెళ్లమని నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం కోర్టు భాగం. 17 నుంచి 19 దాకా ఉన్న సాక్ష్యాలను ఆవిడ చదివి వదిలేయలేదు, మా చేత ఆడించారు. కుర్చీలు గోడకు జరిపి, ప్లాస్టిక్ స్టూలును బోనుగా పెట్టి, తలా ఒక పాత్ర ఇచ్చారు. షెరీఫ్, అంటే అక్కడి పోలీసు అధికారి, హెక్ టేట్ నేను. మయెల్లాగా ఉన్న అమ్మాయి కుడి చెంప మీద మేడమ్ ఒక స్టిక్కర్ బొట్టు అంటించి, దెబ్బ ఏ పక్క తగిలిందని నన్ను అడిగారు. ఎదురుగా నిలబడ్డ మనిషికి అది ఎడమ పక్క కనబడుతుంది, పుస్తకంలో టేట్ కూడా మొదట ఎడమ కన్ను అనే అంటాడు. ఎవరికి ఎడమ అని ఆటికస్ నెమ్మదిగా అడిగేసరికి, ఆమెకు కుడి అని ఒప్పుకుంటాడు. ఆ ఒక్క జవాబు కోసమే ఆటికస్ అంత తాపీగా నడిచాడని అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. తర్వాత మయెల్లా తండ్రి బాబ్ యూయెల్ చేత కవరు మీద సంతకం పెట్టిస్తాడు. యూయెల్ ఎడమచేతివాటం, ఎదురుగా ఉన్న మనిషికి కుడి పక్క దెబ్బ తగిలేది అలాంటి చేత్తోనే.

టామ్ పాత్ర గుంతకల్లు అన్నది. టామ్‌కు ఎడమ చెయ్యి పనిచేయదు కాబట్టి తువ్వాలుతో ఆయన ఎడమ చెయ్యి ఒంటికి కట్టేసి, ఒక దిండు ఇచ్చి, దీని చుట్టూ మొత్తం వేళ్ల గుర్తులు పడేలా పట్టుకో చూద్దాం అన్నారు. మయెల్లా గొంతు చుట్టూ వేళ్ల గుర్తులున్నాయని టేట్ చెప్పాడు కదా. అన్న ఎంత తిప్పినా ఒక చేత్తో అయ్యే పని కాలేదు. అన్న వాళ్ల నాయన ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేశారట. పన్నెండేళ్ల వయసులో పత్తి జిన్‌లో చెయ్యి ఇరుక్కుని కండరాలన్నీ ఊడివచ్చాయని టామ్ గురించి చదివినప్పుడు అన్న మాట ఆగిపోయింది. ‘నిజమే మేడమ్, మిషన్ పట్టుకుంటే వదలదు, మా నాయన చెప్పేవాడు’ అన్నాడు. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత మేము ఎవరమూ ఆ పాత్రను ‘వివక్షకు ప్రతీక’ అని ఒక ముక్కలో తేల్చి రాయలేదు.

నాకు అన్నిటికంటే గట్టిగా తగిలింది ప్రమాణం చేసే చోటు. టామ్ తన పనికిరాని ఎడమ చేతిని కుడిచేత్తో తెచ్చి బైబిల్ మీద పెడతాడు. కుడిచెయ్యి ఎత్తగానే అది జారి గుమస్తా బల్లకు తగులుతుంది. మళ్లీ ప్రయత్నిస్తుంటే జడ్జి టేలర్ చాల్లే అంటాడు. కోర్టులో కూర్చునే మనుషుల్లో గుమస్తాను ఎవరూ చూడరు, కానీ ఆ చెయ్యి తగిలింది అతని బల్లకే. ఆ చప్పుడు అందరికంటే దగ్గరగా విన్నవాడు అతనే. జ్యూరీలో పన్నెండుమందికీ కనబడేలా జరిగిన ఈ చిన్న సంగతితోనే కేసు తేలిపోవాలి. తేలలేదు.

ఇక్కడ నేను క్లాసుకు ఇచ్చిన ముక్క ఒకటుంది. కొట్టిన కేసంటే మా దగ్గర మొదట చూసేది వూండ్ సర్టిఫికెట్. గాయం ఎక్కడ, ఎంత, ఎప్పటిది అని డాక్టరు రాసిస్తాడు. మేకంబ్‌లో డాక్టర్‌ను ఎవరూ పిలవలేదు. ఆటికస్ టేట్‌నూ యూయెల్‌నూ ఇద్దరినీ ఈ మాటే అడుగుతాడు, చివరి వాదనలో కూడా వైద్య సాక్ష్యం రవ్వంత లేదని ఎత్తి చూపిస్తాడు. అలబామాలో అప్పుడు అత్యాచారానికి మరణశిక్ష ఉంది. ప్రాణం పోయే కేసులో ఒక్క కాగితం ముక్క లేదు. ఇది చెబితే మేడమ్ బోర్డు మీద రాయించి, మీ జవాబుల్లో ఈ పాయింటు వాడుకోండని అందరికీ చెప్పారు.

‘సాక్ష్యం ఇంత గట్టిగా ఉంటే మరి ఎందుకు ఓడిపోయాడు?’ అని ఆ తర్వాత అడిగారు. జాతి వివక్ష అని అందరం ఒకే గొంతుతో అన్నాం. ఏ వాక్యంలో కనబడింది, చూపించండి అన్నారు. వెతగ్గా వెతగ్గా టీచరక్క పట్టుకుంది. మయెల్లాకు పని ఎందుకు చేసిపెట్టావని ప్రభుత్వ వకీలు గిల్మర్ అడిగితే, ఆమెను చూస్తే జాలేసిందని టామ్ అంటాడు. నల్లవాడు తెల్లపిల్లను చూసి జాలిపడటమా! ఆ ఊరు దెబ్బనైనా క్షమిస్తుందేమో గానీ ఆ జాలిని క్షమించదు. గిల్మర్ ఆ మాటను మళ్లీ పలికి వదిలేస్తాడు, అంతకంటే అతను చేయాల్సింది ఏమీ లేదు. గిల్మర్ మాట్లాడే తీరుకు స్కౌట్ స్నేహితుడు డిల్ ఏడుస్తూ బయటికి వెళ్తాడు. పెద్దవాళ్లకు అలవాటైపోయినది పిల్లవాడికి ఇంకా అలవాటు కాలేదు. పిల్లల కళ్లతోనే ఈ కథ ఎందుకు చెప్పారన్న ప్రశ్నకు ఆ ఒక్క సంఘటన చాలు.

జ్యూరీ అంటే మనకు తెలియదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తోనే జ్యూరీ విచారణ పోయింది, మన దగ్గర తీర్పు జడ్జిదే. మేకంబ్‌లో ఆడవాళ్లు జ్యూరీలో కూర్చోవడానికే వీల్లేదు, నల్లవాళ్లు ఎలాగూ ఉండరు. అంటే జ్యూరీ లేకపోతే న్యాయం జరుగుతుందా మేడమ్ అని ఒకమ్మాయి అడిగింది. ఆవిడ చుండూరు గురించి చెప్పారు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను చంపారు. ఆ ఊర్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు, 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ తేదీలు చెప్పి, దాని మీద ఉపన్యాసం ఇవ్వకుండా, మీ ఊర్లో ఆ బాల్కనీ ఎక్కడుందో ఒక పేజీ రాసుకురండి, పరీక్షకు కాదు అన్నారు. నల్లవాళ్లను కూర్చోబెట్టే ఆ కోర్టు బాల్కనీలోనే స్కౌట్ వాళ్లు విచారణ చూస్తారు. పిల్లలొచ్చారని ముందు వరుసలో నలుగురు లేచి తమ చోటు ఇచ్చేస్తారు.

టీచరక్క వాళ్ల ఊరి హోటల్లో చిన్నప్పుడు విడిగా తగిలించి ఉంచిన గ్లాసుల గురించి రాసింది. నేను మా ఆఫీసు గురించి రాశాను. పల్లె నుంచి కక్షిదారులు వస్తే కుర్చీలు చూపిస్తాం. ఊరి పెద్దమనిషి వెంట వచ్చిన కాలనీ మనిషి మాత్రం కూర్చోడు. ‘పర్వాలేదు సామీ’ అంటూ బీరువా పక్కన గోడకానుకుని నిలబడతాడు. కేసు ఆ మనిషిదే అయినా అంతే. పెద్దమనిషి టీ తాగడానికి కిందికి దిగితే అప్పుడు వచ్చి అంచున కూర్చుంటాడు. ఎన్నో ఏళ్లుగా చూస్తున్నదే, ఆ పేజీ రాసేటప్పుడు మాత్రం చెయ్యి వణికింది. పరీక్షకు పనికొచ్చే విషయం కాదు ఇది. అయినా ఈ క్లాసులో నాకు దక్కినవాటిలో అతి ముఖ్యమైనది ఇదేనని నమ్ముతున్నాను.

లోపాలూ ఉన్నాయి, చిన్నవేం కావు. కోర్టు భాగానికి అన్ని ఆదివారాలు ఇచ్చి, 24 నుంచి 31 దాకా ఒకే రోజులో పరుగెత్తించారు. టామ్ జైలు కంచె ఎక్కుతుంటే పదిహేడు తూటాలు తగిలి చనిపోయాడన్న వార్త ఆడవాళ్ల టీ పార్టీ మధ్యలో వస్తుంది, పక్క గదిలో క్రైస్తవ ధర్మం మీద కబుర్లు నడుస్తుండగానే. దాని మీద కనీసం గంట కూర్చోవాలి. 26వ అధ్యాయంలో మిస్ గేట్స్ అనే టీచరు హిట్లర్ యూదులను హింసిస్తున్నాడని క్లాసులో బాధపడుతుంది, అదే మనిషి కోర్టు మెట్ల మీద నల్లవాళ్లకు బుద్ధి చెప్పాల్సిన టైమొచ్చిందని అంటుంది. ఇంత మంచి భాగాన్ని రెండు నిమిషాల్లో దాటేశారు. మిసెస్ డుబోస్ అధ్యాయం కూడా అంతే, ధైర్యం మీద షార్ట్ నోట్ వస్తుంది చదువుకోండి అని వదిలేశారు.

ఇంకొకటి, నేను ఆవిడతో ఏకీభవించని విషయం. ఈ నవల మీద చాలాకాలంగా ఒక విమర్శ ఉంది. టామ్, ఆటికస్ ఇంట్లో వంట చేసే నల్లజాతి ఆవిడ కాల్పూర్నియా మనకు ఎప్పుడూ బయటి నుంచే కనబడతారు, వాళ్ల ఇంట్లో, వాళ్ల మనసులో ఏముందో తెలియదు, న్యాయమంతా ఒక మంచి తెల్లజాతి వకీలు చేతుల మీదుగానే నడుస్తుంది అని. మేడమ్ దాన్ని ‘చివరి పేరాలో రెండు లైన్లు రాయండి’ అన్నారు. నా దృష్టిలో అది చివరి పేరా సంగతి కాదు. 12వ అధ్యాయంలో కాల్పూర్నియా పిల్లలను తన చర్చికి తీసుకెళ్తుంది, అక్కడొక్క చోటే తలుపు కొంచెం తెరుచుకుంటుంది. ఆ అధ్యాయాన్ని పట్టుకుని ఈ విమర్శ మీద ఒక పూర్తి ఆదివారం నడపొచ్చు. ఇదే మాట ఆవిడకు చెప్పాను, వచ్చే బ్యాచ్‌కు చూద్దామన్నారు.

వసతి గురించి ఒక్క ముక్క. మేడ మీద రేకుల షెడ్డు, రెండు ఫ్యాన్లు. ఏప్రిల్ వచ్చాక పదకొండు దాటితే నిలవడం కష్టం. వేళ మార్చి ఏడింటికి పెడితే ఎంతో మేలు. నీళ్ల సీసా మీరే తెచ్చుకోండి. మెట్లు సన్నగా ఉంటాయి, పెద్దవాళ్లు జాగ్రత్త.

సినిమా చూసి పరీక్ష రాసేద్దామనుకునేవాళ్లకు కూడా చెబుతున్నాను. 1962 సినిమా చాలా బాగుంది, గ్రెగరీ పెక్‌కు ఉత్తమ నటుడి ఆస్కార్ వచ్చింది. పరీక్షకు మాత్రం అది చాలదు. అలెగ్జాండ్రా అత్తయ్య సినిమాలో అసలు లేదు. కుటుంబ గౌరవం, ఆడపిల్ల ఎలా ఉండాలి అన్న గొడవంతా ఆవిడ చుట్టూనే ఉంది. దాన్ని వదిలేస్తే స్కౌట్ ఎదుగుదల సగమే రాసినట్టు. నవల పూర్తయ్యాక ఒకసారి చూడండి, అప్పుడు ఏం తీసేశారో మీకే తెలుస్తుంది, ఆ తేడా కూడా జవాబుకు పనికొస్తుంది.

పరీక్ష అయిపోయింది, మార్కులు ఇంకా రాలేదు. కథ చెప్పేది పిల్ల కావడం వల్ల నవలకు ఏం దక్కింది అని ఒక ప్రశ్న వచ్చింది. జైలు ముందు రాత్రి, డిల్ ఏడుపు, చివర్లో, ఇల్లు దాటి బయటికి రాని పొరుగువాడు బూ రాడ్లీ ఇంటి వరండాలో నిలబడి స్కౌట్ తమ వీధిని అతని వైపు నుంచి చూడటం, ఈ మూడూ తీసుకుని రాశాను. అదనపు కాగితాలు అడగాల్సి వచ్చింది. గైడు వాక్యం ఒక్కటీ వాడలేదు.

కొత్త బ్యాచ్ దసరా తర్వాత మొదలవుతుందని చెప్పారు. చేరే ముందే సొంత పుస్తకం కొనుక్కుని, మొదటి భాగం, అంటే 11వ అధ్యాయం దాకా ఒకసారి చదివి వెళ్లండి. గుంతకల్లు, ధర్మవరం నుంచి వచ్చేవాళ్లు రైలు టైము చూసుకుని ఆవిడతో ముందే మాట్లాడుకుంటే మొదటి అరగంట పాత పేపర్ల మీద పెడతారు. కోర్టు భాగం ఏయే ఆదివారాలో మాత్రం చేరిన రోజే అడిగి రాసుకోండి, ఆ రోజుల్లో ఇంకే పనీ పెట్టుకోకండి.